వేడెక్కాక 26.5 రావాలి: ఏసీసీ టైరు ప్రెషర్ షీట్ ప్రాజెక్టు డైరీ

పని ఇదీ: అసెట్టో కోర్సా కాంపిటిజియోనె అనే కారు రేసింగ్ గేమ్‌లో (ఇకపై ఏసీసీ) జీటీ3 తరగతి రేసు కారు నాలుగు టైర్ల ప్రెషర్‌ని ప్రతి ల్యాప్‌లో రికార్డు చేయాలి. ఆ రికార్డు నుంచి తర్వాతి సెషన్‌కి సెటప్‌లో (నడిపే ముందు కారుకి చేసే అమరికలు) ఎంత పెట్టాలో చెప్పే షీట్ తయారు చేయాలి. కావలసినవి: విండోస్ కంప్యూటర్‌లో గేమ్, పైథాన్, ఏదో ఒక స్ప్రెడ్‌షీట్, సరిచూసుకోవడానికి మోటెక్ ఐ2 ప్రో (కారు రికార్డు చేసిన అంకెలను గీతలుగా చూపే సాఫ్ట్‌వేర్). గేమ్, అందులో కారు ఇప్పటికే ఉంటే పైసా ఖర్చు లేదు. పరీక్షకు ఎంచుకున్న ట్రాక్ బార్సిలోనా. కారు పోర్షే 992 జీటీ3 ఆర్.

రోజు 1: లక్ష్యం ఎంత?

ఇక్కడ తప్పితే తర్వాత చేసే లెక్కంతా వృథా. 2023 ఏప్రిల్‌లో వచ్చిన 1.9 వెర్షన్‌తో ఏసీసీలో జీటీ3 టైరు మోడల్ మారింది. అంతకుముందు పొడి ట్రాక్‌పై అందరూ 27.5 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చుట్టూ తిరిగేవాళ్లు. ఇప్పుడు మంచి పరిధి 26 నుంచి 27. వెట్ (వర్షం) టైర్లకు 30 చుట్టూ. పాత వీడియోల్లో, పాత సెటప్ ప్యాకుల్లో ఇంకా 27.5 కనిపిస్తూనే ఉంటుంది. సెటప్ ఎక్కడి నుంచి తెచ్చుకున్నా అది ఏ వెర్షన్ నాటిదో ముందు చూడాలి. ఒక పీఎస్ఐ ఎక్కువైన కారు బ్రేకింగ్‌లోనూ మలుపు మధ్యలోనూ జారుతుంటే డ్రైవర్ తన చేతినే అనుమానించుకుంటాడు, తప్పు గాలిదైనా.

షీట్ లక్ష్యంగా మధ్య అంకె 26.5 ఖాయం చేశాం. ఇది టైరు పూర్తిగా వేడెక్కి నడుస్తున్నప్పుడు ఉండాల్సిన అంకె, సెటప్ పేజీలో పెట్టేది కాదు. పెట్రోల్ బంకులో "ముప్పై రెండు పెట్టండి" అన్నప్పుడు మనం చెప్పేది చల్లటి టైరు లెక్క, అక్కడితో పని అయిపోతుంది. రేసింగ్‌లో లక్ష్యం వేడి అంకె. సెటప్‌లో పెట్టేది అక్కడికి చేరడానికి మొదటి మెట్టు మాత్రమే.

ఒక పీఎస్ఐకి అంత పట్టింపు ఎందుకంటే, చక్రంపై 350 కిలోల బరువుందనుకుందాం, అంటే సుమారు 3433 న్యూటన్లు. 26.5 పీఎస్ఐ అంటే 182.7 కిలోపాస్కల్. టైరు గోడల బిగువు పక్కనపెట్టి బరువుని ప్రెషర్‌తో భాగిస్తే నేలను తాకే వైశాల్యం 188 చదరపు సెంటీమీటర్లు. 27.5 దగ్గర అదే 181. తేడా 4 శాతం లోపే. కానీ నేలను అంటుకునే రబ్బరు నాలుగు చక్రాలకూ కలిపి ఒక ఏ4 కాగితం కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఆ కాస్తలోంచే ఈ కోత. గాలి మరీ తగ్గితే వైశాల్యం పెరుగుతుంది, కానీ టైరు గోడ మెత్తబడి స్టీరింగ్ తిప్పాక కారు ఆలస్యంగా స్పందిస్తుంది. గోడ ఎక్కువ వంగి లోపల వేడి కూడా పెరుగుతుంది.

రోజు 2: రికార్డర్

ఏసీసీ తన లెక్కలను షేర్డ్ మెమరీలో (వేరే ప్రోగ్రాములూ చదవగలిగే మెమరీ) మూడు పేజీలుగా ఉంచుతుంది: ఫిజిక్స్, గ్రాఫిక్స్, స్టాటిక్. మనకు కావాల్సిన ప్రెషర్ ఫిజిక్స్ పేజీలో ఉంటుంది. పైథాన్‌లో ఎంమ్యాప్ మాడ్యూల్‌తో ఆ పేజీని పేరు పెట్టి తెరిస్తే చాలు, వేరే లైబ్రరీ అక్కర్లేదు.

పేజీలో అమరిక ఇలా ఉంటుంది. మొదట 4 బైట్ల ప్యాకెట్ నంబర్. తర్వాత యాక్సిలరేటర్, బ్రేక్, ఇంధనం, గేర్, ఆర్‌పీఎం, స్టీరింగ్, వేగం, ఒక్కోటి 4 బైట్లు. ఇక్కడికి 32. వేగం దిశలు మూడు, జీ బలాలు మూడు కలిపితే 56. చక్రాల స్లిప్ నాలుగు, 72. చక్రాలపై లోడ్ నాలుగు, 88. సరిగ్గా 88వ బైటు నుంచి నాలుగు టైర్ల ప్రెషర్లు మొదలవుతాయి. కోర్ టెంపరేచర్లు 152 నుంచి. వరుస ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి. నాలుగూ 4 బైట్ల ఫ్లోట్లే (దశాంశ సంఖ్యలు).

లోడ్, అరుగుదల గడులు ఏసీసీకి ముందొచ్చిన గేమ్, అసలు అసెట్టో కోర్సా నుంచి వచ్చిన చోట్లు. ఏసీసీలో అవి నిండవు, సున్నాలే వస్తాయి. అయినా బైట్ల లెక్కలో వాటిని వదిలేయకూడదు. లోడ్‌ని వదిలేస్తే తర్వాతి గడులన్నీ జరిగిపోయి ప్రెషర్ స్థానంలో లోడ్ గడి సున్నాలు, చక్రం తిరిగే వేగం స్థానంలో ప్రెషర్ కనిపిస్తాయి. కారు నడుస్తున్నా ప్రెషర్ సున్నాగానే ఉంటే చదివేది తప్పు గడి అని గుర్తుపట్టొచ్చు.

ఇంకో చిక్కు ఉంది. గేమ్ తెరవకముందే స్క్రిప్టు నడిపితే ఎర్రర్ రాదు. పైథాన్ ఆ పేరుతో తానే ఒక ఖాళీ మెమరీ పేజీ సృష్టించుకుని సున్నాలు చదువుతూ కూర్చుంటుంది. అందుకని ప్యాకెట్ నంబర్ మారుతోందో లేదో ముందు చూసి, మారకపోతే సందేశం చూపించి ఆగేలా రాశాం. గేమ్ ముందు, స్క్రిప్టు తర్వాత.

సెకనుకు 10 సార్లు చదివితే సరిపోతుంది. ప్రెషర్ నెమ్మదిగా మారేది, 60 సార్లు చదివితే ఫైలు లావెక్కడం తప్ప లాభం లేదు. గ్రాఫిక్స్ పేజీ నుంచి పూర్తయిన ల్యాపుల సంఖ్య, పిట్ లేన్‌లో (టైర్లు, ఇంధనం కోసం ఆగే దారిలో) ఉన్నామా లేదా అనే రెండు గడులు తీసుకుని ప్రతి వరుసకీ జోడించాం. పిట్ లేన్ వరుసలను సగటులో కలపడం లేదు.

రోజు 3: ఏ అంకెని నమ్మాలి?

తెరమీది టైరు బొమ్మలో కనిపించేది ఆ క్షణపు అంకె. స్ట్రెయిట్ (తిన్నటి దారి) చివర ఒకటి ఉంటుంది, పొడుగు మలుపు దాటాక ఇంకొకటి ఉంటుంది. స్ట్రెయిట్‌లో తప్ప తెర వైపు చూసే తీరిక ఉండదు కాబట్టి డ్రైవర్ కంటబడేది ఎప్పుడూ ల్యాప్‌లో ఒకే చోటి అంకె. షీట్‌కి ల్యాప్ మొత్తం సగటే ఆధారం.

పిట్ నుంచి బయటికొచ్చిన ల్యాప్ పనికిరాదు. రెండో ల్యాప్‌లో కూడా గాలి ఇంకా వేడెక్కుతూనే ఉంటుంది. 6 ల్యాపులు వరసగా నడిపి 3 నుంచి 6 వరకు సగటు తీస్తున్నాం. మధ్యలో గడ్డిలోకి దిగినా, కారు తిరిగిపోయినా, ఎవరికో దారిస్తూ నెమ్మదించినా ఆ ల్యాప్ తీసేయాలి. 5, 6 ల్యాపుల మధ్య సగటు ఇంకా 0.1 కంటే ఎక్కువ పెరుగుతుంటే టైరు స్థిరపడలేదని అర్థం, ఇంకో రెండు ల్యాపులు తిరగాలి. ఇంధనం కూడా రేసులో ఉండేంత పోయాలి. ఖాళీ ట్యాంకుతో తీసిన అంకెలు నిండు ట్యాంకుకి సరిపోవు, బరువు ఎక్కువైతే టైరు ఎక్కువ పనిచేస్తుంది, వేడీ ఎక్కువే.

రోజు 4: లెక్క తప్పిన చోటు

షీట్‌లో గుండెకాయ లాంటిది ఈ భాగమే.

సూత్రం ఇంటర్ ఫిజిక్స్‌లో ఉన్నదే. టైరు లోపలి గాలి పరిమాణం దాదాపు మారదు కాబట్టి పీడనం, ఉష్ణోగ్రత ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి. ఉష్ణోగ్రత కెల్విన్‌లో ఉండాలి. పీడనం మొత్తం పీడనం కావాలి, అంటే గేజ్ చూపే అంకెకి బయటి వాతావరణ పీడనం 14.7 కలపాలి. టైరు గేజ్ చూపేది బయటి గాలి కంటే ఎంత ఎక్కువుందో మాత్రమే. గాలి లేని టైరుకి గేజ్ సున్నా చూపినా లోపల 14.7 ఉంటుంది.

మొదటి షీట్‌లో ఈ 14.7 కలపలేదు. ఫలితం చూడండి. 26.5 పీఎస్ఐ, లోపలి గాలి 85 డిగ్రీలు. 10 డిగ్రీలు పెరిగితే ఎంతవుతుంది? 26.5ని 368తో గుణించి 358తో భాగిస్తే 27.24. సరైన లెక్కలో 41.2ని అలాగే చేస్తే 42.35, అందులోంచి 14.7 తీసేస్తే 27.65. రెండింటికీ 0.4 పీఎస్ఐ తేడా, అంటే సెటప్‌లో 4 క్లిక్కులు (ఒక క్లిక్కు 0.1). అంకె మరీ వింతగా లేదు కాబట్టే పట్టుబడలేదు. 14.7 కలిపి సెల్సియస్‌లోనే భాగిస్తే 31 దాటిపోతుంది, ఆ తప్పు వెంటనే తెలుస్తుంది. 14.7 మరిచిన తప్పు అలా కాదు, షీట్ ఎప్పుడూ కొంచెం తక్కువ చెబుతూ పోతుంది.

సరిచేశాక ఒక మంచి సంగతి బయటపడింది. 41.2ని 358తో భాగిస్తే 0.115. లోపలి గాలి ఒక డిగ్రీ వేడెక్కితే 0.115 పీఎస్ఐ పెరుగుతుందన్నమాట. బయటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే ప్రెషర్ 0.1 మార్చాలని ఏసీసీ ఆడేవాళ్లు చాలాకాలంగా చెప్పుకునే బండగుర్తు ఇదే. బయట ఒక డిగ్రీ పెరిగితే లోపల కూడా ఇంచుమించు ఒక డిగ్రీ పెరుగుతుంది, అందుకే అది పనిచేస్తుంది. సెటప్‌లో ఒక క్లిక్కు కూడా 0.1 కావడంతో నోటి లెక్క తేలిక: డిగ్రీకి ఒక క్లిక్కు. తేడా 5 డిగ్రీలు దాటితే మాత్రం 0.115 వాడాలి. 6 డిగ్రీలకు 0.69, అంటే 6 కాదు, 7 క్లిక్కులు.

రోజు 5: నాలుగు టైర్లు, నాలుగు లెక్కలు

బార్సిలోనా గడియారం దిశలో తిరిగే ట్రాక్. కుడి మలుపులు ఎక్కువ, అందులోనూ మూడో మలుపు చాలా పొడుగు. బరువంతా ఎడమ టైర్లపై పడుతుంది, ముందు ఎడమ టైరు అందరికంటే ఎక్కువ ఉడుకుతుంది. నాలుగింటికీ ఒకే అంకె పెడితే ఒకటి పరిధి దాటుతుంది, ఒకటి అందుకోదు.

షీట్ పరీక్షకు ఇచ్చిన అంకెలు: సెటప్‌లో నాలుగూ 25.0. నడిచాక సగటు ముందు ఎడమ 27.3, ముందు కుడి 26.6, వెనక ఎడమ 27.0, వెనక కుడి 26.4. ప్రతి టైరుకీ సూత్రం ఒకటే. పెట్టిన అంకెకి 14.7 కలిపి, లక్ష్యం మొత్తంతో (41.2) గుణించి, వచ్చిన సగటు మొత్తంతో భాగించి, 14.7 తీసేయాలి. ముందు ఎడమకి 39.7ని 41.2తో గుణించి 42.0తో భాగిస్తే 38.94, అంటే 24.2. మిగతావి వరుసగా 24.9, 24.5, 25.1.

ఇది ఒక్కసారికి తెగే లెక్క కాదు. గాలి తగ్గించగానే టైరు గోడ ఎక్కువ వంగి కొంచెం ఎక్కువ వేడి పుట్టిస్తుంది, తగ్గించిన దాంట్లో కొంత వెనక్కి వస్తుంది. రెండో రన్ తప్పనిసరి. రెండో రన్‌కీ నాలుగూ 26.3 నుంచి 26.7 మధ్యకు రాకపోతే గాలిని వదిలేసి అలైన్‌మెంట్ చూడాలి. ముందు చక్రాల టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఎక్కువైతే స్ట్రెయిట్‌లో కూడా టైరు రాసుకుంటూ పోయి వేడెక్కుతుంది. ఆ వేడిని గాలి తగ్గించి కప్పిపుచ్చడం సరైన పని కాదు.

రోజు 6: సెటప్ ఫైలులోకి నేరుగా

డాక్యుమెంట్స్‌లో గేమ్ పేరుతో ఉన్న ఫోల్డర్, అందులో సెటప్స్, అందులో కారు, అందులో ట్రాక్. ఒక్కో సెటప్ ఒక్కో జేసన్ ఫైలు (మామూలు అక్షరాల్లో ఉండే డేటా ఫైలు). టైర్ల విభాగంలో ప్రెషర్ నాలుగు పూర్ణాంకాలుగా ఉంటుంది. అవి పీఎస్ఐలు కావు, కనిష్ఠం నుంచి ఎన్ని క్లిక్కులన్న లెక్క. జీటీ3కి కనిష్ఠం 20.3. కాబట్టి 24.2 అంటే 39, 25.0 అంటే 47. జీటీ4 అనే వేరే తరగతి కార్లకి కనిష్ఠం 17.0, అక్కడ అదే 39కి 20.9 వస్తుంది. కారు తరగతి చూడకుండా అంకెలు అతికిస్తే మూడు పీఎస్ఐల పైన తేడా కొడుతుంది.

ఇక్కడొక పైథాన్ చిక్కు. 24.2లోంచి 20.3 తీసేసి 0.1తో భాగించి పూర్ణాంకంగా కత్తిరిస్తే 39 రాదు, 38 వస్తుంది. కంప్యూటర్‌లో ఆ తీసివేత 3.9కి వెంట్రుకవాసి తక్కువగా ఉంటుంది, కత్తిరింపు దాన్ని కిందికి లాగేస్తుంది. కత్తిరించకుండా రౌండ్ చేయాలి. స్క్రిప్టు ఎప్పుడూ పాత ఫైలు జోలికి పోకుండా కొత్త పేరుతోనే రాస్తుంది. గేమ్‌లో సెటప్ పేజీకి వెళ్లి ఆ కొత్త పేరుని లోడ్ చేసుకోవాలి.

రోజు 7: మోటెక్‌తో సరిచూత

సెటప్‌లో ఎలక్ట్రానిక్స్ పేజీలో టెలిమెట్రీ (కారు అంకెల రికార్డు) ల్యాపుల సంఖ్య ఉంటుంది. సున్నా ఉంటే ఏమీ రికార్డు కాదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 8 పెట్టాం. ఫైళ్లు మోటెక్ ఫోల్డర్‌లోకి వస్తాయి. అందులో ప్రెషర్‌తో పాటు టైరు లోపలి గాలి ఉష్ణోగ్రత కూడా విడిగా ఉంటుంది.

మోటెక్‌లో ఒక గణిత ఛానెల్ (రికార్డైన అంకెల నుంచి లెక్కగట్టే గీత) చేర్చాం: ప్రెషర్‌కి 14.7 కలిపి, గాలి ఉష్ణోగ్రతకి 273.15 కలిపి, మొదటిదాన్ని రెండోదానితో భాగించడం. టైరులో గాలి ఎంతుందో అంతే ఉన్నంతసేపూ ఈ గీత సమంగా పోవాలి. 26.5, 85 డిగ్రీల దగ్గర విలువ 0.115. ప్రెషర్ తగ్గుతూ ఈ గీత మాత్రం కదలకపోతే టైరు చల్లబడుతోంది. గీత కూడా కిందికి జారుతుంటే గాలి బయటికి పోతోంది. రెండింటికీ మందు వేరు. మొదటిది వాతావరణమో, డ్రైవింగ్ నెమ్మదించడమో. రెండోది కర్బ్‌ల (ట్రాక్ అంచు దిమ్మెల) మీద దెబ్బో, పంక్చరో. ప్రెషర్ గీత ఒక్కటే చూస్తే ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఈ ప్రాజెక్టులో అన్నింటికంటే ఎక్కువ పనికొచ్చిన గీత ఇదే.

రోజు 8: బ్రేక్ డక్టులు

డక్టులు అంటే బ్రేకులకి గాలి తీసుకెళ్లే గొట్టాలు. సెటప్‌లో 0 నుంచి 6 వరకు, ముందూ వెనకా వేర్వేరు. తెరిచేకొద్దీ బ్రేకు చల్లబడుతుంది. బ్రేకు వేడి రిమ్ గుండా టైరు గాలికి చేరుతుంది కాబట్టి డక్టు మార్చడం అంటే ప్రెషర్ మార్చడమే. లోపలి గాలి 5 డిగ్రీలు మారితే 0.58 పీఎస్ఐ. అందుకే క్రమం ముఖ్యం: ముందు బ్రేకు ఉష్ణోగ్రత చూసి డక్టులు ఖాయం చేసుకోవాలి, ఆ తర్వాతే ప్రెషర్ రన్. షీట్‌లో డక్టు అంకెకి ఒక గడి చేర్చాం. అది మారితే పాత సగటులు ఎర్ర రంగులోకి వెళ్లిపోతాయి.

రోజు 9: రేసు రోజు పేజీ

ప్రాక్టీసులో 22 డిగ్రీలు, రేసు మొదలయ్యేసరికి 28 అనుకుందాం. పైన చెప్పిన 7 క్లిక్కులు నాలుగింటికీ తగ్గుతాయి. ముందు ఎడమ 24.2 కాస్తా 23.5, ఫైలులో 32. సాయంత్రం మొదలై రాత్రిలోకి వెళ్లే రేసులో లెక్క తిరగబడుతుంది: రెండో సగంలో వేసే టైర్లకి ఎక్కువ గాలి కావాలి.

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతినే చోటు ఉంది. పిట్‌లో వేసే కొత్త టైర్ల ప్రెషర్ సెటప్ టైరు పేజీ నుంచి రాదు. స్ట్రాటజీ పేజీలోని పిట్ స్టాప్ అంకెల నుంచి వస్తుంది, కారు నడుపుతూ తెరమీది మెనూలో మార్చుకునేవీ అవే. టైరు పేజీలో అంత శ్రద్ధగా సరిచేసి, స్ట్రాటజీలో పాత అంకెలు అలాగే ఉంటే రెండో స్టింట్ (పిట్ తర్వాతి పరుగు) మొత్తం తప్పుడు గాలితో సాగుతుంది. షీట్ ఇప్పుడు రెండు వరుసలు ముద్రిస్తుంది: ఒకటి స్టార్ట్‌కి, ఒకటి పిట్‌కి. పిట్ వరుస కోసం ఆ సమయానికి ఉండబోయే ఉష్ణోగ్రతని విడిగా అడుగుతుంది.

క్వాలిఫయింగ్‌కి (రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే సెషన్) వేరే లక్ష్యం. అక్కడ రెండో మూడో ల్యాప్‌లోనే పని అయిపోవాలి, ఆరో ల్యాప్‌లో 26.5 వచ్చి లాభం లేదు. రికార్డులో రెండో ల్యాప్ సగటు, స్థిరపడిన సగటు కంటే ఎంత తక్కువుందో చూసి అంత కలపాలి. తేడా 0.4 ఉంటే 4 క్లిక్కులు పైకి. ఆ సెటప్‌తోనే రేసు మొదలుపెట్టకూడదు.

రోజు 10: ఇదే షీట్ వేరే గేములకి?

అసలు అసెట్టో కోర్సాలో కారు డేటాలోని టైర్ల ఫైలు తెరిస్తే ప్రెషర్ ఏం చేస్తుందో అక్షరాలా రాసి ఉంటుంది. స్టాటిక్ ప్రెషర్, ఐడియల్ ప్రెషర్, ఆ తర్వాత నాలుగు గెయిన్లు (మార్పు రేట్లు): ఒక్కో పీఎస్ఐకి టైరు స్ప్రింగు ఎంత గట్టిపడాలి, గోడ వంపు ఎంత మారాలి, దొర్లే నిరోధం ఎంత మారాలి, ఐడియల్‌కి దూరమైతే పట్టు ఎంత పోవాలి. ఏ కారుకి ఎంత లక్ష్యమో ఊహించనక్కర్లేదు, ఫైలులోనే ఉంది. చదవడం వరకే మంచిది. ఆ డేటా మార్చితే ఆన్‌లైన్ సర్వర్లు ఫైలు సరిపోలలేదని లోపలికి రానివ్వవు.

టైరు లోపలి అంచు, మధ్య, బయటి అంచు ఉష్ణోగ్రతలు విడిగా చూపే గేముల్లో ఇంకో ఆధారం దొరుకుతుంది. రెండు అంచుల సగటు కంటే మధ్య వేడిగా ఉంటే గాలి ఎక్కువ, చల్లగా ఉంటే తక్కువ. క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటం) వల్ల లోపలి అంచు ఎప్పుడూ వేడిగానే ఉంటుంది, అందుకే మధ్యని ఒక్క అంచుతో పోల్చకూడదు. ఐరేసింగ్ గేమ్‌లో ఈ అంకెలు నడుస్తుండగా మారవు, పిట్‌కి వచ్చాకే తాజా అవుతాయి. అక్కడ ల్యాప్ సగటు పద్ధతి నడవదు. నెమ్మదిగా చల్లార్చుకుంటూ కాకుండా పూర్తి వేగంతో పిట్‌లోకి వచ్చి అంకె రాసుకోవాలి.

ఆర్‌ఫ్యాక్టర్ 2 గేమ్ వేరే దారి తొక్కింది. టైరు నిర్మాణాన్నే లెక్కగట్టి, నేలను తాకే భాగం ఎలా వంగుతుందో అందులోంచి రాబడుతుంది. ఐడియల్ అంకె ఒకటి ముందే రాసిపెట్టి దానికి దూరమైతే పట్టు తగ్గించే పద్ధతి కంటే ఇదే టైరుకి న్యాయం చేస్తుందని మా అభిప్రాయం. అక్కడ ప్రెషర్ కిలోపాస్కల్‌లో ఉంటుంది కాబట్టి షీట్‌లో 14.7 స్థానంలో 101.3 పెట్టాలి. మిగతా సూత్రం అలాగే ఉంటుంది.

మిగిలిన పని

వెట్ టైర్ల పేజీ ఇంకా మొదలుపెట్టలేదు. లక్ష్యం గడిలో 30 రాసి ఉంచాం, మొత్తం 44.7. వర్షంలో చిక్కు అంకెది కాదు, ట్రాక్ ఆరుతున్నకొద్దీ వెట్ టైరు వేడెక్కిపోవడంది. ఆరు ల్యాపుల సగటుకి అక్కడ అర్థం ఉండదు, ఆరో ల్యాప్ నాటికి ట్రాక్ మొదటి ల్యాప్ నాటిది కాదు. సగటు బదులు ల్యాప్ ల్యాప్‌కీ ఎంత పెరుగుతోందో తీసుకుని, ఇంకెన్ని ల్యాపుల్లో 31 దాటుతుందో చెప్పే గడి పెట్టాలి. ల్యాప్‌కి 0.2 పెరుగుతూ 30.2 దగ్గరుంటే నాలుగు ల్యాపుల్లో 31కి చేరుతుంది. స్లిక్స్ (పొడి ట్రాక్ నున్నటి టైర్లు) వేసుకోవడానికి పిట్‌కి ఎప్పుడు రావాలన్న నిర్ణయానికి ఆ గడి పక్కనే ఉండాలి.